ఆర్‌ఎన్‌ఏలో ఎం6ఏ స్థానాలను కంప్యూటర్‌తో అంచనా వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్‌ఎన్‌ఏలో రసాయన మార్పు అంటే ఏమిటి?

ఆర్‌ఎన్‌ఏను మనం ఏ, సీ, జీ, యూ అనే నాలుగక్షరాల వరుసగా రాసుకుంటాం. కణంలో తయారైన తరువాత ఆ అక్షరాలలో కొన్నిటికి ఎంజైములు మిథైల్ వంటి చిన్న రసాయన సమూహాలను తగిలిస్తాయి, కొన్నిటి నిర్మాణాన్నే తిప్పి అమరుస్తాయి. ఇలాంటి మార్పులు ఇప్పటికి 170కి పైగా తెలుసు. మొట్టమొదట దొరికినది సూడోయూరిడిన్. దాని జాడ 1951లోనే కనబడింది. 1965లో రాబర్ట్ హోలీ బృందం అలనిన్ టీఆర్‌ఎన్‌ఏ (అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసే చిన్న ఆర్‌ఎన్‌ఏ) వరుసను పూర్తిగా చదివినప్పుడు ఆ చిన్న అణువులోనే ఇలా మారిన అక్షరాలు అనేకం బయటపడ్డాయి. టీఆర్‌ఎన్‌ఏ, రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలలో ఇవి ఉంటాయన్న సంగతి పాతదే. ప్రొటీన్ల సమాచారాన్ని మోసే ఎంఆర్‌ఎన్‌ఏలో ఇవి ఎక్కడెక్కడ ఉన్నాయన్న ప్రశ్న మాత్రం గత పదిహేనేళ్లలోనే పెద్ద ఎత్తున ముందుకు వచ్చింది.

ఈ పేజీలో ఎం6ఏ మీదే ఎక్కువ దృష్టి ఎందుకు?

ఎం6ఏ అంటే ఎన్6-మిథైల్ అడినోసిన్, అంటే ఆరో స్థానంలోని నైట్రోజన్‌కు ఒక మిథైల్ సమూహం చేరిన అడినోసిన్ (ఏ అక్షరం). ఎంఆర్‌ఎన్‌ఏ లోపలి భాగంలో కనిపించే మార్పులలో విస్తారమైనది ఇదే. దీనిని 1974లో గుర్తించారు. మనుషులలోను జంతువులలోను మెటిల్3, మెటిల్14 అనే ప్రొటీన్ల జంట, కొన్ని సహాయక ప్రొటీన్లతో కలిసి, ఈ మిథైల్ సమూహాన్ని చేరుస్తుంది. దీనిని తొలగించే ఎంజైమ్ కూడా ఉందని, అది ఎఫ్‌టీఓ అని 2011లో తేలిన తరువాతే ఈ రంగం ఒక్కసారిగా ఊపందుకుంది. డేటా దీనికే ఎక్కువ ఉంది కాబట్టి అంచనా సాధనాలూ దీనికే ఎక్కువ ఉన్నాయి. సాధనాలు ఎక్కడ పొరపడతాయో తెలుసుకోవడానికి కూడా ఇదే మంచి ఉదాహరణ.

ప్రయోగం చేసి తెలుసుకోగలిగినప్పుడు కంప్యూటర్ అంచనా ఎందుకు?

ప్రయోగం చేయగలిగిన చోట ప్రయోగమే మేలు. అయితే ఏ ప్రయోగం, దానితో ఎంత స్పష్టత వస్తుంది అన్నది చూడాలి.

2012లో రెండు బృందాలు దాదాపు ఒకే సమయంలో ఎం6ఏ-సీక్, మెరిప్-సీక్ అనే పద్ధతులను ప్రచురించాయి. రెండింటి సారం ఒకటే. ఆర్‌ఎన్‌ఏను చిన్న ముక్కలుగా చేసి, ఎం6ఏను పట్టుకునే యాంటీబాడీతో ఆ మార్పు ఉన్న ముక్కలను వేరుచేసి, వాటి వరుసను చదువుతారు. దీనితో ఏ జన్యువు ఆర్‌ఎన్‌ఏలో, సుమారుగా ఏ ప్రాంతంలో మార్పు ఉందో తెలుస్తుంది. కానీ ఆ ప్రాంతం వెడల్పు 100 నుంచి 200 అక్షరాలు ఉంటుంది. అందులో ఏ అడినోసిన్‌కు మిథైల్ ఉందో తెలియదు. 2015లో వచ్చిన మైక్లిప్ పద్ధతి, యాంటీబాడీని అతినీలలోహిత కాంతితో ఆర్‌ఎన్‌ఏకు అతికించి, ఆ అతుకు వల్ల చదువులో వచ్చే తప్పులను ఆనవాళ్లుగా తీసుకుని, ఒక్కొక్క అక్షరం స్థాయికి చేరింది. 2022లో వచ్చిన గ్లోరి పద్ధతికి యాంటీబాడీతో పనే లేదు. గ్లయాక్సాల్, నైట్రైట్ సాయంతో మిథైల్ లేని అడినోసిన్‌లన్నిటినీ ఇనోసిన్‌గా మారుస్తారు. చదివేటప్పుడు అవి జీగా కనిపిస్తాయి, మిథైల్ ఉన్నవి మాత్రం ఏగానే మిగులుతాయి. ఈ పద్ధతితో ఒక్క మానవ కణ శ్రేణిలోనే లక్షన్నరకు మించిన స్థానాలు, ప్రతి స్థానంలోనూ ఎంత శాతం అణువులకు మిథైల్ ఉందన్న లెక్కతో సహా దొరికాయి.

ఇంత మంచి పద్ధతి చేతిలో ఉన్నా అంచనా అవసరం మూడు చోట్ల మిగిలే ఉంటుంది. తక్కువగా తయారయ్యే జన్యువుల ఆర్‌ఎన్‌ఏ ప్రయోగంలో సరిపడా దొరకదు. ప్రతి కణజాలంలోనూ, ప్రతి జీవిలోనూ ఈ ప్రయోగం చేయడం సాధ్యం కాదు. ఒక అక్షరం మారితే మిథైల్ ఉంటుందా పోతుందా అన్న ప్రశ్నకు, ఆ మార్పుతో కణాన్ని తయారుచేయకుండా, ప్రయోగం జవాబు చెప్పలేదు. నా ఉద్దేశంలో నాలుగో కారణం వీటన్నిటికంటే విలువైనది: మంచి అంచనా నమూనా, కణం పాటిస్తున్న నియమం ఏమిటో మనకు చూపిస్తుంది.

డ్రాక్ మోటిఫ్ ఉన్న చోటల్లా ఎం6ఏ ఉంటుందని అనుకోవచ్చా?

అనుకోకూడదు. డ్రాక్ అంటే ఐదక్షరాల నమూనా: మొదటి చోట ఏ, జీ, యూలలో ఏదైనా ఒకటి, రెండో చోట ఏ లేదా జీ, మూడో చోట తప్పనిసరిగా ఏ, నాలుగో చోట తప్పనిసరిగా సీ, ఐదో చోట ఏ, సీ, యూలలో ఏదైనా ఒకటి. మిథైల్ చేరేది మధ్యలో ఉన్న ఏకి. జీజీఏసీయూ అన్నది ఈ ఎంజైముకు బాగా నచ్చే రూపం.

ఐదక్షరాలతో 1024 వరుసలు సాధ్యం. అందులో డ్రాక్‌కు సరిపోయేవి 18. అంటే అక్షరాలు యాదృచ్ఛికంగా పడినా ప్రతి 57 అక్షరాలకు ఒక డ్రాక్ వస్తుంది. 2000 అక్షరాల ఎంఆర్‌ఎన్‌ఏలో ఇలాంటివి 35 దాకా ఉంటాయి. వాస్తవంలో ఒక ఎంఆర్‌ఎన్‌ఏ అణువు మీద ఉండే ఎం6ఏల సంఖ్య సగటున మూడు నుంచి ఐదేనని పాత రసాయనిక కొలతలు చెబుతున్నాయి. కాబట్టి డ్రాక్ ఉండటం దాదాపు అవసరమే కానీ, అది చాలదు. "దాదాపు" అనడానికి కారణం మెటిల్16 వంటి ఎంజైములు. అవి వేరే వరుసలను, కొన్నిచోట్ల మడత పడిన ఆకారాలను చూసి పనిచేస్తాయి. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలోని ఎం6ఏలకు ఇంకా వేరే ఎంజైములు ఉన్నాయి. డ్రాక్ మీద శిక్షణ పొందిన సాధనాన్ని వాటి కోసం వాడితే ప్రయోజనం లేదు.

అయితే ఇన్ని డ్రాక్‌లలో కణం కొన్నిటినే ఎలా ఎంచుకుంటోంది?

ఈ రంగంలో అన్నిటికంటే ఆసక్తికరమైన ప్రశ్న ఇదే. పదేళ్లపాటు అందరూ దీనిని తలకిందులుగా అడిగారని నా అభిప్రాయం.

2012 నాటి పటాలలోనే ఒక విచిత్రం కనిపించింది. ఎం6ఏలు ఆర్‌ఎన్‌ఏ పొడవునా సమానంగా పరచుకుని లేవు. ప్రొటీన్ సమాచారం ముగిసే స్టాప్ కోడాన్ దగ్గర, దాని తరువాతి 3' చివర ప్రాంతంలో, పొడవైన లోపలి ఎక్సాన్‌లలో (ఎంఆర్‌ఎన్‌ఏలో మిగిలే ముక్కలు ఎక్సాన్‌లు, మధ్యలోంచి కత్తిరించి తీసేసేవి ఇంట్రాన్‌లు) అవి గుమిగూడి ఉన్నాయి. దానితో ఏదో ఒక ప్రొటీన్ మెటిల్3ని అక్కడికి తీసుకువెళుతోందని ఊహించి, ఆ "పిలిచే" ప్రొటీన్ కోసం చాలామంది వెతికారు. స్టాప్ కోడాన్‌కూ దీనికీ సంబంధం ఏమిటన్న చర్చ కూడా నడిచింది. స్టాప్ కోడాన్ కంటే చివరి ఎక్సాన్ మొదలయ్యే చోటే అసలు మలుపు అని 2015లోనే ఒక బృందం చూపించింది.

2022, 2023 సంవత్సరాలలో వేర్వేరు బృందాలు దీనికి జవాబును వేరే దిక్కు నుంచి తెచ్చాయి. ఇంట్రాన్‌లను కత్తిరించి ఎక్సాన్‌లను అతికించినప్పుడు (దీనినే స్ప్లైసింగ్ అంటారు), ప్రతి అతుకుకు సుమారు 24 అక్షరాల ఎగువన ఎక్సాన్ జంక్షన్ కాంప్లెక్స్ అనే ప్రొటీన్ల గుంపు కూర్చుంటుంది. అది, దానితో చేరిన ప్రొటీన్లు అతుకుకు అటూ ఇటూ సుమారు 100 అక్షరాల మేర ఆర్‌ఎన్‌ఏను కప్పి ఉంచి, మెటిల్3ని దగ్గరకు రానివ్వవు. మనిషి జన్యువులలో లోపలి ఎక్సాన్‌లు మామూలుగా 150 అక్షరాల లోపే ఉంటాయి కాబట్టి అవి పూర్తిగా ఈ కప్పు కిందికే వస్తాయి. చివరి ఎక్సాన్, పొడవైన లోపలి ఎక్సాన్‌లు, అసలు ఇంట్రాన్‌లే లేని జన్యువులు మాత్రం తెరిచి ఉంటాయి. స్టాప్ కోడాన్ సాధారణంగా చివరి ఎక్సాన్‌లోనే ఉంటుంది. దాని దగ్గర ఎం6ఏలు గుమిగూడినట్టు కనిపించడానికి అదే కారణం. అంటే మంచి డ్రాక్‌కు మిథైల్ చేరడమే మామూలు స్థితి. చేరకుండా ఆపడమే కణం ప్రత్యేకంగా చేస్తున్న పని.

ఎక్సాన్ జంక్షన్ కాంప్లెక్స్‌లోని ప్రొటీన్లను కణంలో తగ్గించినప్పుడు, అంతకు ముందు మిథైల్ లేని పొట్టి ఎక్సాన్‌లలోనూ మిథైల్ చేరింది. ఈ పరిశీలన అంచనా సాధనాల రంగానికి ఒక పెద్ద పాఠం. వరుస ఎంత బాగుందో, దగ్గరలోని అతుకు ఎంత దూరమో అన్న రెండు విషయాలతోనే ఒక బృందం తయారుచేసిన సాదా నమూనా, ఎం6ఏల పంపిణీలో చాలా భాగాన్ని వివరించగలిగింది.

అంచనా సాధనాలు ఎలా పనిచేస్తాయి?

అన్నిటి చట్రం ఒకటే. ప్రయోగంలో మిథైల్ ఉందని తేలిన అడినోసిన్‌లను పాజిటివ్‌లుగా, లేదని భావించినవాటిని నెగటివ్‌లుగా తీసుకుంటారు. ప్రతి అడినోసిన్ చుట్టూ ఉన్న కొన్ని అక్షరాలను, చాలా సందర్భాలలో అటు 25, ఇటు 25 కలిపి 51 అక్షరాలను, అంకెలుగా మారుస్తారు. ఈ రెండు గుంపులను వేరు చేయడం ఒక మెషిన్ లెర్నింగ్ నమూనాకు నేర్పుతారు. తేడాలన్నీ అక్షరాలను అంకెలుగా ఎలా మార్చారు, ఏ నమూనా వాడారు, చుట్టూ ఎంత దూరం చూశారు అన్న చోట్ల వస్తాయి.

2015లో వచ్చిన ఐఆర్‌ఎన్‌ఏ-మిథైల్ ఈస్ట్ డేటాతో పనిచేసింది. ఈస్ట్‌లో క్షయకరణ విభజన సమయంలో దొరికిన 1307 పాజిటివ్‌లను, అన్నే నెగటివ్‌లను తీసుకుని, అక్షరాల జంటల రసాయన గుణాలను అంకెలుగా మార్చి, సపోర్ట్ వెక్టర్ మెషిన్ అనే మెషిన్ లెర్నింగ్ నమూనాకు ఇచ్చారు. దాని ఖచ్చితత్వం మూడింట రెండు వంతులకు అటూ ఇటూగా ఉంది. తరువాత డజన్ల కొద్దీ పరిశోధనా పత్రాలు అదే 2614 వరుసల మీద శాతాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చాయి. ఆ పోటీ నుంచి జీవశాస్త్రానికి దక్కినది స్వల్పమని చెప్పక తప్పదు.

2016 నాటి స్రాంప్ క్షీరదాల కోసం తయారైనది. ఒక్కొక్క అక్షరం స్థాయి డేటా మీద శిక్షణ పొందింది, ర్యాండమ్ ఫారెస్ట్ పద్ధతిని వాడుతుంది, ఫలితాన్ని నాలుగు స్థాయిల నమ్మకంతో చెబుతుంది. వరుసను అతికిస్తే జవాబు ఇచ్చే వెబ్‌సైట్ రూపంలో ఉండటం వల్ల ప్రయోగశాలల వారు ఇప్పటికీ ముందుగా దీని దగ్గరకే వెళుతుంటారు. 2019 నాటి విజిల్ అక్షరాలతో ఆగకుండా, ఆ స్థానం ఏ ఎక్సాన్‌లో ఉంది, ఆ ఎక్సాన్ ఎంత పొడవు, అది ఆర్‌ఎన్‌ఏలోని ఏ భాగం, ఆ చోటు పరిణామక్రమంలో ఎంతవరకు మారకుండా నిలిచింది వంటి జన్యుపటం వివరాలను కూడా చేర్చింది. దానితో ఫలితాలు స్పష్టంగా మెరుగుపడ్డాయి. ఎందుకు మెరుగుపడ్డాయో అప్పట్లో ఎవరూ సరిగా చెప్పలేకపోయినా, ఎక్సాన్ జంక్షన్ సంగతి బయటపడ్డాక కారణం అర్థమైంది. 51 అక్షరాల కిటికీలోంచి చూసే నమూనాకు 100 అక్షరాల అవతల ఉన్న అతుకు కనిపించదు. ఎక్సాన్ పొడవును విడిగా ఇచ్చినప్పుడు ఆ లోటు తీరింది.

2021 నాటి మల్టీఆర్‌ఎం ఒకేసారి పన్నెండు రకాల మార్పులను అంచనా వేస్తుంది, ఏ అక్షరాలను చూసి ఆ నిర్ణయానికి వచ్చిందో కూడా చూపుతుంది. 2022 నాటి ఐఎం6ఏ, స్ప్లైసింగ్‌కు ముందున్న పొడవైన ఆర్‌ఎన్‌ఏ వరుసను మొత్తంగా చదివే డీప్ లెర్నింగ్ నమూనా. చేతితో లక్షణాలను ఇవ్వకుండానే వరుసలోంచి అన్నీ తానే నేర్చుకుంటుంది. ఆర్‌ఎన్‌ఏ వరుసల మీద ముందస్తు శిక్షణ పొందిన భాషా నమూనాలు కూడా ఇటీవల ఈ పనికి వాడుకలోకి వస్తున్నాయి. అవి ఎంత పెద్దవైనా కింద చెప్పబోయే నెగటివ్‌ల సమస్య వాటికీ తప్పదు.

ఒక సాధనం 95 శాతం ఖచ్చితత్వం అని చెప్పుకుంటే నమ్మవచ్చా?

ఆ అంకె ఎలా వచ్చిందో తెలియకుండా నమ్మకూడదు. మూడు విషయాలు అడగాలి.

మొదటిది, నెగటివ్‌లు ఎక్కడి నుంచి వచ్చాయి? పాజిటివ్‌లన్నీ డ్రాక్‌లే అయి, నెగటివ్‌లుగా ఏవో అడినోసిన్‌లను తీసుకుంటే, నమూనా డ్రాక్‌ను గుర్తుపట్టడం మాత్రమే నేర్చుకుంటుంది. ఆ పనికి కంప్యూటర్ అక్కరలేదు, మూడో తరగతి పిల్లవాడూ చేయగలడు. నెగటివ్‌లు కూడా డ్రాక్‌లే అయి ఉండాలి; వీలైతే అదే ఆర్‌ఎన్‌ఏ మీదివి, ప్రయోగంలో సరిపడా చదువులు (చదివిన ఆర్‌ఎన్‌ఏ ముక్కలు) వచ్చినా మిథైల్ కనిపించనివి అయి ఉండాలి. యాంటీబాడీ ప్రయోగంలో కనిపించలేదంటే మిథైల్ లేదని అర్థం కాదు. ఆ కణంలో ఆ ఆర్‌ఎన్‌ఏ తక్కువగా ఉండి ఉండవచ్చు. ఇలా నెగటివ్‌లలో దాగిన పాజిటివ్‌లు శిక్షణను చెడగొట్టడమే కాక, పరీక్షలో సరైన జవాబును తప్పుగా లెక్కకట్టేలా చేస్తాయి.

రెండవది, శిక్షణకూ పరీక్షకూ డేటాను ఎలా విడదీశారు? ఎం6ఏలు గుంపులుగా ఉంటాయి కాబట్టి పక్కపక్కన ఉన్న రెండు స్థానాల 51 అక్షరాల కిటికీలు ఒకదానిమీద ఒకటి పడతాయి. వాటిలో ఒకటి శిక్షణలోకి, మరొకటి పరీక్షలోకి వెళితే నమూనా జవాబును ముందే చూసేసినట్టు అవుతుంది. ఒకే కుటుంబానికి చెందిన జన్యువుల మధ్యనా ఇదే జరుగుతుంది. పరీక్ష కోసం కొన్ని క్రోమోజోములను పూర్తిగా పక్కన పెట్టడం, పోలిక ఎక్కువగా ఉన్న వరుసలను ముందే తొలగించడం కనీస జాగ్రత్తలు. వేరే ప్రయోగ పద్ధతితో వచ్చిన డేటా మీద పరీక్షిస్తే ఇంకా మంచిది. మైక్లిప్ మీద శిక్షణ పొందిన సాధనం గ్లోరి డేటా మీద ఎలా నిలబడిందో చూడాలి. అక్కడ అంకెలు పడిపోతే, అది ఎం6ఏతో పాటు యాంటీబాడీ ఇష్టాలను కూడా నేర్చుకుందని అర్థం.

మూడవది, పరీక్షలో పాజిటివ్, నెగటివ్‌ల నిష్పత్తి ఎంత? లెక్క వేసి చూద్దాం. వెయ్యి డ్రాక్‌లలో 50కి మిథైల్ ఉందనుకోండి. సాధనం అసలైన స్థానాలలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, మిథైల్ లేనివాటిలో 90 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. అప్పుడు అది 45 అసలైన స్థానాలను, వాటితో పాటు 95 తప్పుడు స్థానాలను ఇస్తుంది. అది "ఉంది" అని చెప్పిన 140లో నిజమైనవి మూడింట ఒక వంతే. అదే సాధనాన్ని 50 పాజిటివ్‌లు, 50 నెగటివ్‌ల మీద పరీక్షించి ఉంటే, "ఉంది" అన్నవాటిలో 90 శాతం నిజమని తేలేది. ఇంకో సంగతి: మొదటి సందర్భంలో ప్రతి స్థానానికీ "లేదు" అని చెప్పే పనికిమాలిన సాధనానికి కూడా 95 శాతం ఖచ్చితత్వం వస్తుంది. కాబట్టి ఖచ్చితత్వం అన్న ఒక్క అంకెను పక్కనబెట్టి, నిజమైన నిష్పత్తిలో గీసిన ప్రెసిషన్-రీకాల్ వక్రరేఖను ("ఉంది" అన్నవాటిలో ఎన్ని నిజమో, నిజమైనవాటిలో ఎన్నిటిని పట్టుకుందో కలిపి చూపేది) చూడాలి. అది ఇవ్వని పత్రాన్ని అనుమానంతోనే చదువుతాను.

నానోపోర్ పద్ధతి అంచనానా, కొలతా?

రెండూ కలిసినది. 2018లో ప్రచురితమైన డైరెక్ట్ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌లో ఆర్‌ఎన్‌ఏ అణువు డీఎన్‌ఏగా మారకుండానే ఒక సన్నని రంధ్రంలోంచి జారుతుంది. అప్పుడు మారే విద్యుత్ ప్రవాహాన్ని బట్టి అక్షరాలను ఊహిస్తారు. మిథైల్ ఉన్న ఏ, మిథైల్ లేని ఏ ఇచ్చే సంకేతాలలో కొద్ది తేడా ఉంటుంది. అక్షరాల చుట్టుపక్కలను బట్టి "ఇక్కడ ఉండవచ్చు" అనే సాధనాలకు భిన్నంగా, ఇక్కడ మీ శాంపిల్‌లోని అణువునే చూస్తున్నారు. అయితే ఆ తేడా చిన్నది, దానిలో రొద ఎక్కువ. అందుకే దీనికీ మెషిన్ లెర్నింగ్ కావాలి.

దీనిలో రెండు దారులు ఉన్నాయి. ఎక్స్‌పోర్, నానోకాంపోర్ వంటివి రెండు శాంపిళ్లను పోలుస్తాయి. ఒకటి మామూలు కణానిది, మరొకటి మెటిల్3 తొలగించిన కణానిది. సంకేతం ఎక్కడ మారిందో అక్కడ ఎం6ఏ ఉందని భావిస్తారు. ఇది నమ్మదగినదే కానీ, రెండో శాంపిల్ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండదు. 2022లో సింగపూర్ నుంచి వచ్చిన ఎం6ఏనెట్ ఒక్క శాంపిల్‌తోనే పనిచేస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. శిక్షణ డేటా ఈ స్థానంలో మిథైల్ ఉందని చెబుతుంది కానీ, ఆ స్థానం మీదుగా వెళ్లిన వంద అణువులలో దేనికి ఉందో చెప్పదు. బస్తాలో పుచ్చు వేరుశనగ గింజలు ఉన్నాయని తెలిసి, అవి ఏవో తెలియని కొనుగోలుదారు పరిస్థితి ఇది. ఎం6ఏనెట్ వాడిన మల్టిపుల్ ఇన్‌స్టెన్స్ లెర్నింగ్ సరిగ్గా ఇలాంటి డేటా కోసమే ఉంది. అది ప్రతి అణువుకూ ఒక సంభావ్యత ఇచ్చి, వాటన్నిటినీ కలిపి స్థానం గురించి తీర్పు చెబుతుంది. ఒక స్థానం మీద కనీసం 20 చదువులు లేకపోతే మామూలుగా అది జవాబు ఇవ్వదు.

నానోపోర్ యంత్రాలను తయారుచేసే కంపెనీ రసాయన కిట్ మారితే సంకేతాలూ మారతాయి. పాత ఆర్‌ఎన్‌ఏ002 కిట్ డేటా మీద శిక్షణ పొందిన నమూనాను ఆర్‌ఎన్‌ఏ004 డేటా మీద నడపకూడదు. కొత్త కిట్‌కు డొరాడో ప్రోగ్రాంలోనే ఎం6ఏను గుర్తించే నమూనాలు వస్తున్నాయి కాబట్టి, ఇప్పుడు కొత్తగా ప్రయోగం మొదలుపెట్టేవారు అక్కడి నుంచే మొదలుపెట్టడం సులువు.

మిగతా మార్పులకు కూడా ఇలాంటి సాధనాలు ఉన్నాయా?

ఉన్నాయి, నాణ్యతలో ఒకదానికీ మరొకదానికీ చాలా తేడా ఉంది.

రైబోజ్ చక్కెర మీద మిథైల్ చేరే 2'-ఓ-మిథైలేషన్ విషయంలో అంచనా అద్భుతంగా పనిచేసింది. అదీ మెషిన్ లెర్నింగ్ వెల్లువకు చాలా ముందు. రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలో ఎక్కడ మిథైల్ చేర్చాలో సీ/డీ బాక్స్ స్నోఆర్‌ఎన్‌ఏలు అనే చిన్న ఆర్‌ఎన్‌ఏలు చూపిస్తాయి. అవి లక్ష్యంతో జతకట్టినప్పుడు, వాటిలోని డీ బాక్స్ అనే గుర్తు వరుస నుంచి సరిగ్గా ఐదో జత దగ్గర మిథైల్ చేరుతుంది. ఈ నియమాన్ని ప్రోగ్రాంగా రాసిన స్నోస్కాన్ 1999లో ఈస్ట్ జన్యుసంపుటిని గాలించింది. ప్రయోగ నిర్ధారణతో కలిపి, ఈస్ట్ రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏలోని 55 రైబోజ్ మిథైల్ స్థానాలలో 51కి వాటి మార్గదర్శక స్నోఆర్‌ఎన్‌ఏలను చూపించగలిగింది. నియమం తెలిసినప్పుడు గణన ఎంత శక్తిమంతమో దీనికి మించిన ఉదాహరణ ఈ రంగంలో నాకు కనిపించలేదు.

సూడోయూరిడిన్ పేరు కోవిడ్ టీకాల తరువాత సామాన్య పాఠకులకూ తెలిసింది. మారిన న్యూక్లియోసైడ్‌లు ఉన్న ఆర్‌ఎన్‌ఏ శరీర రక్షణ వ్యవస్థను అంతగా రెచ్చగొట్టదని 2005లో చూపినందుకే కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌లకు 2023 నోబెల్ బహుమతి వచ్చింది. టీకాలలో వాడినది దాని దగ్గరి బంధువైన ఎన్1-మిథైల్ సూడోయూరిడిన్, దానిని బయటే చేర్చుతారు. కణం తానుగా చేర్చుకునే సూడోయూరిడిన్‌ల అంచనా కష్టం. కారణం, ఒక్క మెటిల్3 కాకుండా పదికి పైగా ఎంజైములు తలా ఒక నియమం ప్రకారం పనిచేయడమే. ట్రబ్1 వంటి ఎంజైము స్థానాలను వరుస, మడత రెండూ చూసి బాగానే పట్టుకోవచ్చు. అన్ని ఎంజైముల స్థానాలను కలగలిపి ఒకే నమూనాకు నేర్పితే ఏదీ సరిగా రాదు.

ఎంఆర్‌ఎన్‌ఏలో ఎం5సీ (మిథైల్ చేరిన సీ), ఎం1ఏల (వేరే చోట మిథైల్ చేరిన ఏ) కథ హెచ్చరికగా గుర్తుంచుకోవలసినది. 2012లో బైసల్ఫైట్ అనే రసాయనం వాడే పద్ధతితో సుమారు పదివేల ఎం5సీ స్థానాలు ఉన్నాయని వచ్చింది; 2019 నాటికి మరింత కఠినంగా చేసిన విశ్లేషణలో అవి కొన్ని వందలకు తగ్గాయి. ఎం1ఏ వేలాది ఎంఆర్‌ఎన్‌ఏలలో ఉందని 2016లో రెండు బృందాలు చెప్పాయి; 2017లో ఒక్కొక్క అక్షరం స్థాయిలో చూసిన ఒక బృందానికి అవి వేళ్ల మీద లెక్కించదగినన్ని మాత్రమే కనిపించాయి. వాడిన యాంటీబాడీ ఎంఆర్‌ఎన్‌ఏ ముందు చివర ఉండే టోపీని (క్యాప్ అనే రసాయన తొడుగును) కూడా పట్టుకుంటోందని 2019లో తేలింది. ఈ లోపు ఆ తొలి జాబితాల మీద శిక్షణ పొందిన సాధనాలు తయారై, మంచి అంకెలతో ప్రచురితమయ్యాయి. ఆ అంకెలు అబద్ధం కాదు. ఆ సాధనాలు టోపీ దగ్గరి వరుసలను నిజంగానే బాగా గుర్తుపట్టాయి, కానీ వాటిని అడిగినది అది కాదు.

మనిషి డేటాతో తయారైన సాధనాన్ని వరికి, ఈస్ట్‌కు, వైరస్‌కు వాడవచ్చా?

క్షీరదాల మధ్య చాలావరకు వాడవచ్చు. మొక్కలకు మొక్కల డేటాతో శిక్షణ పొందినదే వాడాలి. ఎంజైములు పోలికగా ఉన్నా ఇష్టపడే వరుసలలోనూ, ఎం6ఏల పంపిణీలోనూ తేడాలు ఉన్నాయి. వరి మీద ఆసక్తి పెరగడానికి కారణం ఉంది. మనిషి ఎఫ్‌టీఓ జన్యువును వరిలోను బంగాళాదుంపలోను ప్రవేశపెడితే పొలం పరీక్షలలో దిగుబడి సుమారు 50 శాతం పెరిగిందని 2021లో ప్రచురితమైంది. ఈస్ట్‌లో ఎం6ఏ ప్రధానంగా క్షయకరణ విభజన సమయంలోనే కనిపిస్తుంది, అక్కడ ఇంట్రాన్‌లు ఉన్న జన్యువులూ తక్కువే. కాబట్టి ఎక్సాన్ పొడవు మీద ఆధారపడిన నమూనాకు అక్కడ పెద్దగా పని ఉండదు. కణద్రవ్యంలోనే పెరిగే వైరస్‌లకు స్ప్లైసింగే లేదు, అందువల్ల వాటి విషయంలో అంచనాను ఆధారంగా తీసుకోకపోవడమే మంచిది.

ఒక జన్యు ఉత్పరివర్తనం ఎం6ఏను పోగొడుతుందో లేదో ఈ సాధనాలు చెప్పగలవా?

డ్రాక్ మధ్యలోని ఏ గాని, దాని పక్కనున్న సీ గాని మారితే ఆ స్థానం పోతుందని సాధనం లేకుండానే చెప్పవచ్చు. చుట్టుపక్కల అక్షరాలు మారినప్పుడే సాధనం అవసరం. అలాంటి మార్పుల ప్రభావం ఎక్కువగా 50 అక్షరాల లోపల, ముఖ్యంగా దిగువ వైపున ఉంటుందని ఐఎం6ఏ విశ్లేషణ సూచించింది. స్ప్లైసింగ్‌ను మార్చే ఉత్పరివర్తనాలు దూరం నుంచి కూడా పనిచేస్తాయి. ఒక ఇంట్రాన్ కత్తిరించబడకుండా మిగిలిపోతే అక్కడి అతుకు పోతుంది, అతుకుతో పాటు కప్పూ పోతుంది. ఒక స్థానం పోయిందని సాధనం చెప్పినంత మాత్రాన అది వ్యాధికి కారణమని రాయడం తొందరపాటు.

ఫలితంలో వచ్చే స్కోరు మిథైల్ శాతమా?

కాదు. స్రాంప్ వంటి సాధనాల స్కోరు, ఆ స్థానం పాజిటివ్‌ల గుంపులో ఉండటానికి ఎంత అవకాశం ఉందో చెబుతుంది. 0.8 స్కోరు వచ్చిన చోట పది శాతం అణువులకే మిథైల్ ఉండవచ్చు. శాతాన్ని నేరుగా అంచనా వేసే నమూనాలు గ్లోరి వంటి డేటా వచ్చాకే సాధ్యమయ్యాయి.

నా జన్యువులో ఎం6ఏ స్థానాలను వెతకాలంటే ఎలా మొదలుపెట్టాలి?

ముందు ఎం6ఏ-అట్లస్, ఆర్‌ఎంబేస్ వంటి డేటాబేస్‌లలో చూడండి. మనిషి, ఎలుక జన్యువులలో చాలావాటికి ప్రయోగ డేటా ఇప్పటికే ఉంది, అది ఉంటే అంచనా అవసరం లేదు. అక్కడ ఏ పద్ధతితో ఆ స్థానం దొరికిందో తప్పక గమనించండి. ఒక్క మెరిప్-సీక్‌లోనే కనిపించినదానికీ, రెండు మూడు ఒక్క-అక్షరం పద్ధతులలో కనిపించినదానికీ విలువ ఒకటి కాదు.

డేటా లేకపోతే, మీ కణంలో నిజంగా తయారయ్యే ట్రాన్‌స్క్రిప్ట్ (ఆ జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ) రూపం ఏదో నిర్ణయించుకుని, దాని ఎక్సాన్ హద్దులను గుర్తించండి. వరుసను సాధనానికి ఇచ్చేటప్పుడు ఆసక్తి ఉన్న ముక్కను మాత్రమే కాకుండా మొత్తం ట్రాన్‌స్క్రిప్ట్‌ను ఇవ్వండి. ఫలితాలలో ఎక్సాన్ అతుకుకు 100 అక్షరాల లోపు ఉన్నవాటిని అనుమానించండి. చివరి ఎక్సాన్‌లో, అందులోనూ జీజీఏసీయూ రూపంలో ఉన్నవాటిని ముందుకు తీసుకోండి. ఈ వడపోత చేతితో చేసినా చాలా తప్పుడు ఫలితాలు తగ్గుతాయి. సాధారణ వరుస ఆధారిత సాధనాలకు మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. నానోపోర్ సంకేతాలను చదవడానికి మాత్రం గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఉన్న యంత్రం కావాలి.

ఆ తరువాత మిగిలిన రెండు మూడు స్థానాలను ప్రయోగంతో తేల్చుకోవాలి. 2018లో వచ్చిన సెలెక్ట్ అనే క్యూపీసీఆర్ (డీఎన్‌ఏ ప్రతులను పెంచుతూ లెక్కించే పరీక్ష) ఆధారిత పద్ధతి ఒక్కొక్క స్థానాన్ని విడిగా పరీక్షించడానికి అందుబాటులో ఉన్న చవకైన మార్గం. దానితో పాటు మెటిల్3 పనిని ఆపే ఎస్‌టీఎం2457 మందు ఇచ్చిన కణాలను, ఇవ్వని కణాలను పోల్చండి. మందు ఇచ్చినా సంకేతం తగ్గకపోతే అది మెటిల్3 చేర్చిన ఎం6ఏ కాకపోవచ్చు, లేదా అసలు ఎం6ఏనే కాకపోవచ్చు. ఆ స్థానాన్ని మీ జాబితా నుంచి తీసేయండి, సాధనం దానికి ఎంత స్కోరు ఇచ్చినా సరే.